తాబేలు కాలికి చిరునామా కట్టిన మాస్టారు - ఆర్చీ కార్



మన ఊళ్ళలో బ్యాంకు లోను మీద గేదెను కొంటే ఇన్సూరెన్సు కోసం దాని చెవికి ఒక బిళ్ళ వేస్తారు. మీలో చాలామంది ఇళ్ళ దగ్గర చూసే ఉంటారు. బిళ్ళ మీద ఒక నంబరు ఉంటుంది. గేదె తప్పిపోయినా, చనిపోయినా ఆ నంబరే సాక్ష్యం. అలాంటి బిళ్ళతోనే ఒక పెద్ద ప్రశ్నకు జవాబు రాబట్టిన మనిషి ఒకరున్నారు. సముద్ర తాబేలు ఒడ్డుకు వచ్చి, ఇసుకలో గుడ్లు పెట్టి, మళ్ళీ నీళ్ళలోకి దిగిపోతుంది. ఆ తర్వాత ఎక్కడికి పోతుంది? ఇదీ ఆ ప్రశ్న. ఆయన పేరు ఆర్చీ కార్. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చెప్పిన మాస్టారు. ఆయన పోయి నలభై ఏళ్ళు కావస్తోంది. మన పాఠ్యపుస్తకాల్లో డార్విన్ ఉంటారు, మెండెల్ ఉంటారు, ఈయన కనిపించరు. జీవశాస్త్రం చెప్పే టీచరుగా నాకు ఇది లోటు అనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆర్చీ కార్ 1909 జూన్ 16న అలబామా రాష్ట్రంలోని మొబీల్ పట్టణంలో పుట్టారు. తండ్రి చర్చిలో పాస్టరు. తల్లి పియానో నేర్పేవారు. తండ్రి ఉద్యోగం వల్ల కుటుంబం టెక్సాస్‌కు, తర్వాత జార్జియా రాష్ట్రంలోని సవానా రేవు పట్టణానికి మారింది. కుర్రవాడికి పాములు, కప్పలు, తాబేళ్ళంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. అయినా కాలేజీలో చేరినప్పుడు తీసుకున్నది మాత్రం ఇంగ్లీషు సాహిత్యం. ఆ రోజుల్లోనే చేతి ఎముకకు వ్యాధి వచ్చి పలుమార్లు ఆపరేషన్లు జరిగాయి. ఆ చెయ్యి మళ్ళీ పూర్వంలా కాలేదు. తర్వాత ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఒక మంచి అధ్యాపకుని ప్రభావంతో జీవశాస్త్రానికి మారి, 1937లో డాక్టరేటు పొందారు. ఆ విశ్వవిద్యాలయం జీవశాస్త్రంలో ఇచ్చిన మొదటి డాక్టరేటు అదేనట. చదివిన సాహిత్యం వృథా పోలేదు. అది ఎంత పనికొచ్చిందో ముందు ముందు చూస్తారు.

అదే ఏడాది ఆయన మార్జరీ హారిస్‌ను పెళ్ళి చేసుకున్నారు. ఆమె గురించి చెల్లెళ్ళ కోసం రెండు మాటలు. ఆమె జంతుశాస్త్రంలో డిగ్రీ చేశారు. పక్షుల మీద పైచదువు చదవాలనుకుంటే ఆడపిల్ల అన్న కారణంతో సీటు ఇవ్వలేదు. ప్రభుత్వ కేంద్రంలో చిన్న ఉద్యోగం చేస్తూ, జబ్బుపడిన పూరేడు పిట్టలను పరీక్ష చేయించడానికి విశ్వవిద్యాలయానికి తెచ్చినప్పుడు కార్‌తో పరిచయమైంది. తర్వాత పట్టుబట్టి 1942లో మాస్టర్స్ డిగ్రీ తెచ్చుకున్నారు. ఐదుగురు పిల్లలను పెంచారు. నడివయసు దాటాక, ఫ్లోరిడాను అడ్డంగా కోస్తూ తవ్వుతున్న ఓడల కాలువ వల్ల ఒక నది నాశనమైపోతుందని ప్రభుత్వం మీదే పోరాడారు. 1971లో అధ్యక్షుడు నిక్సన్ ఆ కాలువ పని ఆపించేశారు. ఆ విషయం ఒక్కటే మరో వ్యాసం అవుతుంది.

1945 నుంచి 1949 వరకు కార్ మాస్టారు మధ్య అమెరికాలోని హోండురాస్ దేశంలో పాఠాలు చెప్పారు. అది సమోరానో లోయలోని వ్యవసాయ కళాశాల. చుట్టుపక్కల దేశాల పల్లెల నుంచి వచ్చిన పిల్లలు అక్కడే ఉండి, అక్కడే తిని, ఫీజు లేకుండా చదువుకునేవారు. మన భాషలో చెప్పాలంటే అది కూడా ఒక హాస్టలే. ఆ నాలుగేళ్ళలో ఆయనకు స్పానిష్ బాగా వంటబట్టింది. పల్లె జనంతో కలిసి కూర్చునే అలవాటు అయింది. ఈ రెండూ లేకపోతే తర్వాతి కథ నడిచేది కాదని నా అభిప్రాయం.

తిరిగి వచ్చాక 1952లో ఆయన తాబేళ్ళ మీద ఒక పెద్ద గ్రంథం ప్రచురించారు. దానికి అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పతకం వచ్చింది. నేల తాబేళ్ళు, చెరువు తాబేళ్ళ గురించి రాయడానికి ఆయనకు కొరత లేకపోయింది. సముద్ర తాబేళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలం ఆగిపోయేది. అవి ఎక్కడ పుడతాయి, ఎక్కడ పెరుగుతాయి, ఎంత దూరం పోతాయి అన్నవి పండితులెవరికీ తెలియవు. తెలిసినవారు ఎవరైనా ఉంటే అది వాటిని పట్టే జాలరులే. అందుకని ఆయన పడవల వెంట, రేవుల వెంట తిరుగుతూ జాలరులను అడగడం మొదలుపెట్టారు.

కరీబియన్ సముద్రంలో కేమన్ దీవులు అని ఉన్నాయి. అక్కడి పడవవాళ్ళు తరతరాలుగా నికరాగ్వా తీరంలోని మిస్కిటో దీవుల దగ్గర పచ్చ తాబేళ్ళను పట్టి, ఫ్లోరిడా కొసన ఉన్న కీ వెస్ట్ రేవులో అమ్మేవారు. ఎవరి తాబేలు ఎవరిదో తెలియడానికి పొట్ట చిప్ప మీద అక్షరాలు చెక్కేవారు. వాళ్ళు ఆయనకు ఒక సంగతి చెప్పారు. ఒకసారి తుఫానుకు కీ వెస్ట్‌లోని దొడ్డి తెగి తాబేళ్ళు సముద్రంలోకి పోయాయి. కొన్నాళ్ళకు అవే అక్షరాలున్న తాబేళ్ళు, మొదట పట్టిన మిస్కిటో దీవుల దగ్గరే మళ్ళీ వలలో పడ్డాయి. మధ్య దూరం వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. పండితులు ఇలాంటి మాటలను కట్టుకథలని కొట్టిపారేసే రోజులవి. కార్ మాస్టారు కొట్టిపారేయలేదు. నిజమో కాదో తేల్చాలంటే తానూ తాబేలుకు గుర్తు పెట్టి చూడాలనుకున్నారు.

గుర్తు పెట్టడానికి తాబేళ్ళు దొరికే చోటు కావాలి కదా. అది కోస్టారికా దేశపు తూర్పు తీరంలో టోర్టుగెరో అనే చోట దొరికింది. స్పానిష్‌లో టోర్టుగా అంటే తాబేలు. నల్లటి ఇసుకతో సుమారు 35 కిలోమీటర్ల పొడవున ఒక తీరం, వెనకాల అడవి, మధ్యలో కాలువలు. ఆయన ఇంటిపేరు కారే అయినా, కారు పోయే దారి లేని ఊరు అది.

జూలై నుంచి పచ్చ తాబేళ్ళు రాత్రిపూట ఆ ఒడ్డుకు ఎక్కేవి. ఒక్కొక్కటి నూరు కిలోలు దాటే బరువు. కానీ వాటి కోసం అప్పటికే మనుషులు కాపు కాసేవారు. తీరాన్ని ముక్కలుగా పంచుకుని, ముక్కకు ఒకడు చొప్పున వెలడోర్లు అనే కావలివాళ్ళు ఉండేవారు. తాబేలు ఇసుక మీదికి రాగానే దాన్ని వెల్లకిలా తిప్పేయడమే వాళ్ళ పని. వెల్లకిలా పడ్డ సముద్ర తాబేలు మళ్ళీ తిరగబడలేదు. పడవ వచ్చేదాకా ఎండలో అలాగే ఉండేది. పొట్ట చిప్పకు అంటుకుని ఉండే మెత్తటి మృదులాస్థి కోసమే కొందరు దాన్ని కోసేవారు. పెద్ద దేశాల హోటళ్ళలో తాబేలు సూపుకు ఆ ముక్కే కావాలి. ముక్క తీసుకుని, మిగిలిన తాబేలును ఒడ్డునే వదిలేసేవారు. ఒక రాత్రి ఒడ్డెక్కిన వాటిలో గుడ్లు పెట్టి తిరిగి నీళ్ళు చూసేవి ఎన్నో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. గుడ్లు పెట్టే తల్లులే పోతే ఇక జాతి ఎక్కడ మిగులుతుంది?

1955లో కార్ మాస్టారు అక్కడ పని మొదలుపెట్టారు. మొదట చిప్ప అంచుకు రంధ్రం చేసి, తీగతో బిళ్ళ కట్టారు. అది నిలవలేదు. జత కట్టే సమయంలో మగ తాబేలు ఆడదాని చిప్పను గట్టిగా పట్టుకుంటుంది. ఆ రాపిడికి తీగలు తెగిపోయాయి. అప్పుడు పశువుల చెవికి వేసే లోహపు బిళ్ళలు తెప్పించి, తాబేలు ముందరి కాలికి, అంటే తెడ్డులా ఉండే ఆ కాలి వెనక అంచుకు బిగించారు. అవి నిలిచాయి. బిళ్ళ మీద ఒక వైపు నంబరు. రెండో వైపు ఫ్లోరిడా విశ్వవిద్యాలయం చిరునామా, తిరిగి పంపినవారికి బహుమానం ఉంటుందని ఇంగ్లీషులో, స్పానిష్‌లో నాలుగు ముక్కలు. బహుమానం 5 డాలర్లు. ఆ రోజుల్లో ఆ తీరాల జాలరికి అది చిన్న డబ్బు కాదు.

మనం హాస్టల్‌కు వచ్చేటప్పుడు ట్రంకుపెట్టె మీద తెల్ల పెయింటుతో పేరు, ఊరు, జిల్లా రాయించుకుంటాం. పెట్టె ఎక్కడ తప్పిపోయినా తిరిగి మన దగ్గరికి రావాలని. ఈయన అదే పని తాబేలుకు చేశారు. తేడా ఏమిటంటే, ఈ పెట్టె తనంతట తానే నడిచిపోతుంది.

బిళ్ళ వేసి వదిలాక చేయగలిగింది ఎదురుచూడడమే. మెల్లగా ఉత్తరాలు రాసాగాయి. నికరాగ్వా నుంచి, పనామా నుంచి, కొలంబియా నుంచి, వెనెజులా నుంచి, మెక్సికో నుంచి, క్యూబా నుంచి. రాయడం అలవాటు లేని చేతులు రాసిన ఉత్తరాలు. తాబేలును ఏ దిబ్బ దగ్గర, ఏ నెలలో, వలతో పట్టాడో బరిసెతో పొడిచాడో రాసి, బిళ్ళ జతచేసి, డబ్బు పంపమని అడిగేవారు. కార్ మాస్టారు ప్రతి ఒక్కరికీ డబ్బు పంపేవారు. పటం మీద ఒక చుక్క పెట్టేవారు.

ఇక్కడ ఒక విషయం తమ్ముళ్ళు గమనించాలి. ఆ పటంలోని దాదాపు ప్రతి చుక్కా ఒక చచ్చిపోయిన తాబేలు. పట్టి కోస్తేనే కదా బిళ్ళ చేతికి వచ్చేది. బతికున్న తాబేలు ఎక్కడ తిరుగుతోందో ఆయనకు చెప్పేవారు లేరు. చచ్చిన చోటు తెలిసింది, అంతే. తాను కాపాడాలనుకున్న జీవుల దారి, వాటిని తినేవారి ఉత్తరాల వల్లనే తెలియాల్సి వచ్చింది. దీనికి ఆయన ఆ జాలరుల మీద కోపం పెంచుకోలేదు. ఒక కుటుంబం ఆకలి తీర్చుకోవడానికి పట్టిన తాబేలు వేరు, వ్యాపారం కోసం గుట్టలుగా కోసిన తాబేలు వేరు అని ఆయన చివరి వరకూ తేడా చూపుతూనే వచ్చారు. ఇది చిన్న గుణం కాదు. పేదవాడి కుండలోకి తొంగి చూసి తప్పు పట్టేవారే లోకంలో ఎక్కువ.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆ బిళ్ళలు మూడు నాలుగు ముఖ్యమైన సంగతులు చెప్పాయి. టోర్టుగెరోలో గుడ్లు పెట్టిన తాబేలు మరుసటి ఏడాది రాదు. రెండేళ్ళకో, ఎక్కువగా మూడేళ్ళకో, నాలుగేళ్ళకో వస్తుంది. వచ్చినప్పుడు అదే తీరానికి వస్తుంది. ఆ ఒక్క కాలంలోనే సుమారు పన్నెండు రోజులకొకసారి, ప్రతిసారీ నూరు పైచిలుకు గుడ్లు పెడుతుంది. పెట్టడం పూర్తయ్యాక ఎక్కువ భాగం ఉత్తరానికి సాగి, మిస్కిటో దీవుల చుట్టూ ఉన్న సముద్రపు గడ్డి మేతకు చేరుతుంది. కేమన్ పడవవాళ్ళు చెప్పింది కట్టుకథ కాదన్నమాట.

ఇందులో ఉన్న చిక్కు మీకు అర్థమయ్యే ఉంటుంది. గుడ్లు పెట్టేది ఒక దేశంలో, మేత మేసేది మరో దేశంలో. మొదటి దేశం ఎంత కాపలా కాసినా, రెండో దేశంలో కోసేస్తే ఏం లాభం? అదే జరిగింది కూడా. టోర్టుగెరోలో రక్షణ కుదురుకుంటున్న రోజుల్లోనే, 1969 నుంచి నికరాగ్వాలో తాబేలు మాంసం ఫ్యాక్టరీలు వచ్చాయి. అంతవరకూ తమ తిండికి పట్టుకునే మిస్కిటో జాలరులు ఫ్యాక్టరీకి అమ్మడం మొదలుపెట్టారు. మాంసం విదేశాలకు పోయింది. వాళ్ళ ఇళ్ళలోనే తాబేలు కూర కరువైంది. అక్కడ కోస్తున్నవి కోస్టారికా కాపాడిన తాబేళ్ళేనని చెప్పడానికి సాక్ష్యం కాలికున్న ఆ బిళ్ళలే. 1977 నాటికి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి.

ఇప్పుడు సాహిత్యం పనికొచ్చిన సంగతి. 1956లో ఆయన కరీబియన్ ప్రయాణాల మీద ఒక పుస్తకం రాశారు. పేరు ది విండ్‌వర్డ్ రోడ్. సైన్సు పుస్తకంలా కాక, కథలా చదివించే పుస్తకం. అందులో టోర్టుగెరో మీద రాసిన అధ్యాయానికి కథలకు ఇచ్చే ఓ హెన్రీ బహుమతి వచ్చింది. పచ్చ తాబేలు కరీబియన్‌లో అంతరించే దశలో ఉందని అందులో రాశారు. జాషువా పవర్స్ అనే పెద్దమనిషి అది చదివి, కొన్ని ప్రతులు కొని మిత్రులకు పంచారు. ఆ మిత్రులంతా కలిసి 1959లో సంఘంగా ఏర్పడ్డారు. సరదాగా దానికి పచ్చ తాబేలు సోదర బృందం అని పేరు పెట్టుకున్నారు. ప్రపంచంలో సముద్ర తాబేళ్ళ కోసం పుట్టిన మొదటి సంస్థల్లో అది ఒకటి. పేర్లు మారినా ఈనాటికీ పనిచేస్తోంది. ఒక పుస్తకం ఇరవై చేతులు మారితే ఏమవుతుందో చూడండి. మన హాస్టల్ లైబ్రరీ బీరువా తాళం చెవి ఎవరి దగ్గరుందో ఈ సందర్భంగా ఒకసారి కనుక్కుంటే బాగుండు.

ఆయన చేసినవన్నీ ఫలించలేదు. 1960లలో అమెరికా నౌకాదళం విమానాలు ఇస్తే, టోర్టుగెరో గుడ్లను, పిల్లలను వేల సంఖ్యలో కరీబియన్‌లోని ఇతర తీరాలకు చేర్చారు. అక్కడ వదిలితే పెద్దయ్యాక అక్కడికే వస్తాయని ఆశ. ఆ తీరాల్లో కొత్తగా తాబేళ్ళ గుంపు నిలదొక్కుకున్నట్టు తేలలేదు. తాబేళ్ళను కోళ్ళలా పెంచితే అడవి తాబేళ్ళ మీద ఒత్తిడి తగ్గుతుందని కూడా ఒకప్పుడు అనుకున్నారు. తర్వాత, అలా పెంచితే ధనవంతుల దేశాల్లో గిరాకీ పెరిగి దొంగవేట ఎక్కువవుతుందని గ్రహించి, ఆ ఆలోచననే వ్యతిరేకించారు.

ఇంతకన్నా పెద్ద చిక్కుముడి అట్లాంటిక్ మహాసముద్రం మధ్యలో ఉంది. అసెన్షన్ అని ఒక దీవి. బ్రిటిష్ వారిది. అగ్నిపర్వతం వల్ల పుట్టింది. విస్తీర్ణం 90 చదరపు కిలోమీటర్లు కూడా లేదు. చుట్టూ పచ్చ తాబేళ్ళకు మేత లేదు. అయినా ఏటా వేలాది తాబేళ్ళు అక్కడికి వచ్చి గుడ్లు పెడతాయి. 1960లో ఆయన శిష్యుడు హెరాల్డ్ హిర్త్ అక్కడికి వెళ్ళి బిళ్ళలు వేశారు. కొన్నాళ్ళకు ఆ బిళ్ళలు బ్రెజిల్ తీరం నుంచి తిరిగివచ్చాయి. మధ్య దూరం సుమారు 2,200 కిలోమీటర్లు. మన సికింద్రాబాదు నుంచి ఢిల్లీకి రైలులో పోయే దూరం కన్నా ఎక్కువ. దారిలో ఒక చెట్టు లేదు, గట్టు లేదు. కొన్ని తాబేళ్ళు మూడేళ్ళ తర్వాత మళ్ళీ ఆ దీవిలోనే, బిళ్ళతో సహా కనిపించాయి. చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేని చోట, చుక్కంత దీవిని అవి ఎలా కనుక్కుంటున్నాయి?

ఈ ప్రశ్న ఆయనను జీవితాంతం వదల్లేదు. సూర్యుణ్ణి బట్టి దిక్కు తెలుసుకుంటాయేమో అనుకున్నారు. దీవి వాసన సముద్ర ప్రవాహంలో కలిసి పడమటికి కొట్టుకువస్తుందని, ఆ వాసన పట్టుకుని పోతాయేమోనని 1969లో ఇద్దరు సహచరులతో కలిసి ప్రతిపాదించారు. అసలు అంత దూరం ఎందుకు పోవాలి అన్నదానికి 1974లో మరో ఊహ చెప్పారు. కోట్ల ఏళ్ళ కిందట దక్షిణ అమెరికా, ఆఫ్రికా దగ్గరగా ఉండేవి. అప్పుడు దగ్గరి దీవులకు పోయే అలవాటు, సముద్రపు అడుగు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు విస్తరిస్తూ పోగా, తరతరాలుగా పెరిగి పెరిగి ఇంత దూరమైందని. ఎంత అందమైన ఊహ! కానీ ఆయన పోయిన రెండేళ్ళకు జన్యు పరీక్షలు అది నిజం కాదని తేల్చాయి. అసెన్షన్ తాబేళ్ళు అంత ప్రాచీన కాలంలో విడిపోయినవి కావు.

దారి చూడాలంటే చచ్చిన చోటు తెలిస్తే చాలదు, బతికి ఈదుతున్నప్పుడే వెంటపడాలి. అందుకు ఆయన చేసిన ప్రయత్నాలు వింటే నవ్వొస్తుంది. తాబేలు చిప్పకు తాడు కట్టి, తాడు చివర తేలే బెండు కట్టి, బెండుకు గాలిలో ఎగిరే బెలూను కట్టారు. ఒడ్డున నిలబడి, సముద్రం మీద కదిలే ఆ బెలూనును చూస్తూ తాబేలు ఎటు పోతోందో రాసుకునేవారు. కనుచూపు దాటితే కథ ముగిసేది. తేలే బెండు మీద రేడియో పెట్టారు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహం ఆ రేడియో మాట వినగలిగితే ఎంత బాగుండునని 1960లలోనే కలగన్నారు. అప్పటికి ఆ పరికరాలు అందుబాటులోకి రాలేదు.

మరో ప్రశ్న పిల్లల గురించి. అరచేతిలో పట్టే పిల్ల గుడ్డు చీల్చుకుని సముద్రంలోకి పరుగెత్తుతుంది. మళ్ళీ పళ్ళెమంత సైజు అయ్యాకే తీరం దగ్గర కనిపిస్తుంది. మధ్యకాలం ఎక్కడ? దీన్ని ఆయన తప్పిపోయిన ఏడాది అనేవారు. ప్రవాహాలు కలిసే గీతల దగ్గర కొట్టుకువచ్చే సర్గాసం నాచు తెట్టెల్లో అవి దాగి పెరుగుతాయని పోగుచేసిన ఆధారాలతో చెప్పారు. అది ఒక ఏడాది కాదు, చాలా ఏళ్ళని కూడా చివరికి గ్రహించారు. యూరప్ వైపున్న అజోర్స్ దీవుల దగ్గర దొరికే చిన్న లాగర్‌హెడ్ తాబేళ్ళు అమెరికా తీరంలో పుట్టినవే అయివుండాలని 1986లో రాశారు. తర్వాత జన్యు పరీక్షల్లో ఆ మాట నిలిచింది.

రిడ్లే తాబేలు కథ చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. ఫ్లోరిడా సముద్రంలో కెంప్స్ రిడ్లే అనే చిన్న తాబేలు దొరికేది గానీ, అది గుడ్లు పెట్టే తీరం ఏదో పండితులకు తెలియదు. కార్ మాస్టారు ఇరవై ఏళ్ళపాటు తీరాల వెంట అడుగుతూ తిరిగారు. ఎక్కడా దొరకలేదు. చివరకు 1947లో ఒక మెక్సికో ఇంజనీరు తీసిన చిన్న ఫిల్ము 1961లో శాస్త్రవేత్తల కంట పడింది. మెక్సికోలోని రాంచో నువో తీరంలో, పట్టపగలు, ఒక్క రోజున సుమారు 40,000 తాబేళ్ళు గుడ్లు పెడుతున్న దృశ్యం. వెతికిన జవాబు దొరికింది. కానీ 1985లో ఆ ప్రాంతంలో ఏడాది మొత్తానికి లెక్కకు వచ్చిన గూళ్ళు 702. ఆయన బతికుండగానే, కళ్ళముందే ఇది జరిగింది.

ఆ రిడ్లేకు తోబుట్టువు లాంటిదే మన ఆలివ్ రిడ్లే. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరానికి శీతాకాలం చివర వచ్చి గుడ్లు పెట్టేది అదే. పైన ఒడిశాలోని గహిర్మాత, రుషికుల్య తీరాల్లో లక్షల్లో వస్తుంది. మాది సముద్రపు ఒడ్డు పల్లె. సంక్రాంతి దాటాక మర పడవల వలల్లో చిక్కి, ఊపిరాడక చచ్చిన తాబేళ్ళు మా ఒడ్డుకు కొట్టుకు వచ్చేవి. ఎక్కడివని అడిగితే సముద్రంలోవి అనేవారు పెద్దలు. అంతకుమించి ఎవరికి తెలుసు?

1975లో కోస్టారికా ప్రభుత్వం టోర్టుగెరోను జాతీయ పార్కుగా చట్టం చేసింది. వెలడోర్లు తిరిగిన తీరంలో ఊరివాళ్ళే తాబేళ్ళను చూపించే గైడ్లయ్యారు. కార్ మాస్టారు ప్రతి ఏటా అక్కడికి వెళ్ళేవారు, ఆరోగ్యం అనుమతించినంత కాలం. అంతర్జాతీయ సంస్థలో సముద్ర తాబేళ్ళ నిపుణుల బృందానికి అధ్యక్షత వహించారు. పాఠం చెప్పడం మాత్రం మానలేదు. ఫ్లోరిడాలోని మికనోపీ దగ్గర చెరువు గట్టున తమ ఇంట్లో, 1987 మే 21న క్యాన్సర్‌తో కన్నుమూశారు. పదేళ్ళకు మార్జరీ కూడా వెళ్ళిపోయారు. 1991లో ఫ్లోరిడా తూర్పు తీరంలో ఆయన పేరుతో తాబేళ్ళ అభయారణ్యం ఏర్పడింది.

ఆయన మిగిల్చిన ప్రశ్నలకు జవాబులు ఆయన పోయాకే ఒక్కొక్కటిగా వచ్చాయి. పుట్టిన తీరానికే తల్లి తాబేలు తిరిగి వస్తుందన్న ఆయన నమ్మకాన్ని 1990లో జన్యు పరీక్షలు బలపరిచాయి. ఆ పరిశోధన చేసినవారిలో ఒకరు ఆయన శిష్యురాలు ఆన్ మెయ్‌లన్. భూమి అయస్కాంత శక్తిని తాబేలు గ్రహించగలదని 1990ల నుంచి కెన్నెత్ లోమన్ అనే శాస్త్రవేత్త ప్రయోగాలతో చూపించారు. చిప్పకు అంటించిన పరికరం, తాబేలు ఊపిరికి పైకి వచ్చినప్పుడల్లా ఉపగ్రహానికి సంకేతం పంపుతోంది. 1998లో ప్రచురించిన పరిశోధనలో, అసెన్షన్ నుంచి బయలుదేరిన తాబేళ్ళు దాదాపు తిన్నగా ఈదుతూ, నెలా నెలన్నరలో బ్రెజిల్ చేరడం కనిపించింది. బెలూను కనుచూపు దాటిపోయిన చోట ఆగిన కథ అప్పటికి ముందుకు సాగింది.

టోర్టుగెరోలో 1999 నుంచి 2003 వరకు ఏటా సగటున లక్షకు పైగా గూళ్ళు లెక్కకు వచ్చాయి. ఆయన అడుగుపెట్టిన నాటి స్థితితో పోలిస్తే అది పెద్ద మార్పు. అయితే ఇటీవలి సంవత్సరాల్లో ఆ సంఖ్య మళ్ళీ తగ్గుతోందని 2023లో శాస్త్రవేత్తలు రాశారు. 1955లో మొదలైన బిళ్ళలు వేసే పని అక్కడ ఇప్పటికీ సాగుతూనే ఉంది.

మన దేశంలోనూ అదే లోహపు బిళ్ళ పనిచేస్తోంది. 2021 మార్చిలో ఒడిశాలో బిళ్ళ వేసిన ఒక ఆలివ్ రిడ్లే, 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించింది. దాని నంబరు 03233. బంగాళాఖాతం తాబేలు అరేబియా సముద్రపు ఒడ్డున. ఈ తాబేలు చావకుండానే తన సంగతి చెప్పింది.

తీరం ఊళ్ళ నుంచి వచ్చిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు తాబేలు కనబడితే, బతికున్నదైనా చచ్చినదైనా, ముందరి రెండు కాళ్ళ వెనక అంచు ఒకసారి చూడండి. బిళ్ళ ఉంటే నంబరు, తేదీ, ఊరు పేరు ఒక కాగితం మీద రాసుకుని అటవీశాఖ వారికి అందజేయండి. బతికున్న తాబేలు కాలి నుంచి బిళ్ళ పీకకండి. రాత్రిపూట అయితే దాని కళ్ళల్లో టార్చి వేయకండి.